ముజఫర్‌పూర్‌లో లిచీ రోజులు

హైదరాబాద్‌లో లిచీలు కొన్న ప్రతిసారీ నాకు అసంతృప్తే మిగిలేది. పైతొక్క గోధుమరంగు, లోపల కాస్త పులిసిన వాసన. "చెట్టు కింద నిలబడి ఒక్కసారైనా తినాలిరా" అని మా అక్క మూడేళ్లుగా అంటోంది. ఈ వేసవిలో, మే చివరి వారంలో, ఇద్దరం బీహార్‌లోని ముజఫర్‌పూర్ వెళ్లొచ్చాం.

ముందు తేదీల సంగతి చెప్పాలి. ఇక్కడి పేరున్న రకం షాహీ. 2018లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మే 20 ప్రాంతంలో కోత మొదలై జూన్ మొదటి వారానికల్లా దాదాపు అయిపోతుంది. ఆ తర్వాత 'చైనా' అని పిలిచే ఇంకో రకం వస్తుంది. రెండూ కలిపినా నెల రోజులు కూడా ఉండవు. సెలవులు చూసుకుని కాకుండా కాయ చూసుకుని టికెట్లు కొనండి.

పట్నా దాకా విమానం, అక్కడి నుంచి టాక్సీ. దూరం 75 కిలోమీటర్ల లోపే, కానీ మాకు మూడు గంటలు పట్టింది. గంగ మీద గాంధీ సేతు దాటగానే హాజీపూర్ అరటి తోటలు మొదలవుతాయి, అక్కడి నుంచి కళ్లకు హాయిగా ఉంటుంది. దిగేటప్పుడు మాత్రం డ్రైవర్ మాట్లాడుకున్న దానికన్నా ఎక్కువ అడిగాడు. ఎండలో వాదించే ఓపిక లేక ఇచ్చేశాం. తిరుగు ప్రయాణం రైల్లో చేశాం. ఖర్చు తక్కువ, టెన్షన్ లేదు, బోగీ అంతా లిచీ బుట్టలే. మళ్లీ వెళ్తే రెండు వైపులా రైలే.

మొదటి రాత్రి స్టేషన్ దగ్గర ఒక హోటల్లో దిగాం. ఏసీ బాగానే పనిచేసింది, దుప్పట్లు శుభ్రం. కానీ గదిలో ఫ్రిజ్ లేదు. సాయంత్రం కొన్న గుత్తులు చల్లగా ఉంచమని రిసెప్షన్‌లో ఇస్తే, వంటింట్లో పొయ్యి పక్క అరలో పెట్టారు. తెల్లారేసరికి తొక్కలన్నీ గోధుమరంగు. నాకు నిజంగా ఏడుపొచ్చింది. మర్నాడు స్టేషన్‌కు దూరంగా ఒక చిన్న లాడ్జికి మారాం. గది ఇరుకు, కరెంటు రెండుసార్లు పోయింది. అయినా అక్కడి పెద్దావిడ తన ఫ్రిజ్‌లో కింది అర మా కోసం ఖాళీ చేసింది, పొద్దున్నే వేడి వేడి సత్తు (వేయించిన శనగల పిండి) పరాఠాలు పెట్టింది. లిచీ కోసం వెళ్లేవాళ్లు గది చూడకముందే ఫ్రిజ్ గురించి అడగండి.

తోటలకు ముశహరీ వైపు వెళ్లాలి. జాతీయ లిచీ పరిశోధనా కేంద్రం ఉన్నదీ అక్కడే. చెట్లు గుబురుగా, నేలను తాకేలా కిందికి వంగి ఉంటాయి. మన నూజివీడు మామిడి తోటల్లాగే ఇక్కడా చాలామంది రైతులు కాయ పండకముందే తోటను గుత్తకు ఇచ్చేస్తారట. కోత తెల్లవారుజామునే. మేం ఐదున్నరకు చేరుకునేసరికి సగం బుట్టలు నిండాయి. కాపలా అతను గుత్తి నుంచి ఒకటి తుంచి అక్కకు ఇచ్చి, "దీదీ, రంగు చూడొద్దు, వేలితో నిమిరి చూడండి" అన్నాడు. పచ్చి కాయ మీద బొడిపెలు సూదిగా గుచ్చుకుంటాయి. పండేకొద్దీ అవి చదునుగా మారతాయి. షాహీ పండినా ముదురు ఎరుపు కాదు, గులాబీ రంగులో అక్కడక్కడా పసుపు మరకలతో ఉంటుంది. ఒలిస్తే నిజంగానే గులాబీ వాసన. తాటి ముంజ ఒలిచినప్పుడు వేళ్ల మీదుగా కారే నీళ్లు గుర్తున్నాయా, అలాగే కారింది రసం.

అతను నేర్పిన ఇంకో సంగతి: పండును తొడిమ వైపు నుంచే ఒలవాలి. అక్కడ నల్లటి పొడి కనిపిస్తే లోపల పురుగు ఉన్నట్టే, పారేయండి. పగిలిన కాయలు అసలు తీసుకోవద్దు. కోసిన తర్వాత లిచీ మరి పండదు, అరటిలాగా ఇంట్లో మగ్గబెట్టడం కుదరదు.

ఊళ్లోనూ కొన్నాం. వందల లెక్కన అమ్ముతారు, తూకం కాదు. రోడ్డు పక్కన నీళ్లు చల్లి మెరిపించిన గుత్తుల కన్నా, తోట గేటు దగ్గర దుమ్ముపట్టి ఉన్నవే ఎంతో రుచిగా ఉన్నాయి. ఆ తేడా ధరలో పెద్దగా లేదు, కోసి ఎన్ని గంటలైందన్న దాంట్లోనే ఉంది.

ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. 2019 వేసవిలో ఈ జిల్లాలో చాలామంది పసిపిల్లలు మెదడు జబ్బుతో చనిపోయారు. అంతకుముందు 2017లో వెలువడిన ఒక పరిశోధన, రాత్రి భోజనం లేకుండా లిచీలు తిన్న పిల్లలకు ప్రమాదం ఎక్కువని చెప్పింది. రక్తంలో చక్కెరను పడగొట్టే పదార్థాలు ఈ పండులో ఉన్నాయి, పచ్చి కాయల్లో మరీ ఎక్కువ. పిల్లలకు కడుపునిండా అన్నం పెట్టాకే, అదీ పండినవే, కొన్నే ఇవ్వండి.

బుద్ధుడి కాలం నాటి వైశాలి కూడా చూశాం. అక్కడి కొల్హువాలో అశోక స్తంభం మీద ఒంటరి సింహం చాలా బాగుంది, కానీ మిట్టమధ్యాహ్నం వెళ్లొద్దు.

లాడ్జి పెద్దావిడ చెప్పినట్టే పండ్లు సర్దుకున్నాం. ఆకులు తేమ లాగేస్తాయి కాబట్టి తీసేయాలి. పండును లాగకుండా, చిన్న తొడిమ ఉంచి కత్తెరతో కత్తిరించాలి, లాగితే తొక్క చిరుగుతుంది. తడి పిండేసిన నూలు గుడ్డలో చుట్టి, చిల్లులు పెట్టిన కవర్లో వేసి ఫ్రిజ్‌లో పెడితే వారం దాకా ఉంటాయి. హైదరాబాద్ చేరాక కొన్నిటిని తొక్కతో సహా డీప్ ఫ్రీజర్‌లో వేశాం. సగం కరిగాక ఒలిస్తే కుల్ఫీలా ఉంటాయి. పూర్తిగా కరిగితే మెత్తబడతాయి, అప్పుడు షర్బత్‌కే పనికొస్తాయి.

వంటలో మొదటిసారి తప్పు చేశాను. మరుగుతున్న సేమ్యా పాయసంలో లిచీ ముక్కలు వేస్తే పాలు విరిగాయి. రెండోసారి పాయసం పూర్తిగా చల్లారాక, చక్కెర తగ్గించి, గింజ తీసిన ముక్కలు కలిపాను. యాలకులు వేయలేదు, వేస్తే ఆ గులాబీ వాసన పోతుంది. అక్క మాత్రం నిమ్మరసం, పుదీనా, నల్ల ఉప్పు, వేయించిన జీలకర్ర పొడి వేసి షర్బత్ చేసింది. నాకు పాయసం కన్నా అదే నచ్చింది. ఫ్రీజర్‌లో ఇంకా రెండు కవర్లున్నాయి, వాటిని షర్బత్‌కే దాచాం.