త్రీ నాట్ త్రీ ఒంట్లో పాయింట్ టూ టూ: పాత లీ-ఎన్‌ఫీల్డ్ నంబర్ 2 రైఫిల్‌పై సమీక్ష

అమెరికాలోని గన్ షోలలో బ్రిటిష్ సైన్యం వాడిన లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిళ్లు తరచుగా కనిపిస్తాయి. వాటి మధ్య అరుదుగా ఒకటి, కొయ్య నుంచి ముక్కు వరకు అచ్చం త్రీ నాట్ త్రీలాగే ఉండి, గొట్టం కొస దగ్గర మాత్రం మామూలు పెన్సిలు కూడా దూరనంత సన్నని రంధ్రంతో ఎదురవుతుంది. టెక్సస్‌లో నేను కొన్న రైఫిల్ అటువంటిది. అమ్మకందారు దానికి కట్టిన చీటీలో ‘1917 నాటి .303’ అని రాసి ఉంది. అందులో సంవత్సరం సగం నిజం, క్యాలిబర్ (అంగుళాల్లో చెప్పే గొట్టం రంధ్రపు వెడల్పు) పూర్తిగా అబద్ధం. అది శిక్షణ కోసం మార్చిన .22 రైఫిల్, అధికారిక నామం నంబర్ 2 మార్క్ 4 స్టార్.

గుర్తుపట్టడంలో చాలామందిని తప్పుదారి పట్టించేది, భుజానికి ఆనే కొయ్య బట్ వచ్చి ఇనుముతో కలిసే చోట, కుడివైపున ఉండే ముద్ర. నా రైఫిల్ మీద అక్కడ కిరీటం, దాని కింద రాజు జార్జ్‌ను సూచించే జి.ఆర్. అక్షరాలు, తరువాత ఎన్‌ఫీల్డ్ (ఇంగ్లండులోని ఫ్యాక్టరీ), 1917, మార్క్ 3 స్టార్ అని వరుసగా చెక్కి ఉన్నాయి. ఇదే చోట బి.ఎస్.ఎ. అనో ఎల్.ఎస్.ఎ. అనో ఉంటే అది బర్మింగ్‌హామ్ లేదా లండన్ కంపెనీలో, లిత్‌గో అని ఉంటే ఆస్ట్రేలియాలో, ఇషాపూర్ అని ఉంటే మన బెంగాల్‌లో తయారైనదని అర్థం. అయితే ఈ ముద్ర చెప్పేది ఆ రైఫిల్ .303గా పుట్టిన చోటు, పుట్టిన ఏడు మాత్రమే. సైన్యం దానిని .22గా మార్చినప్పుడు పాత ముద్రను చెరపకుండా, మరో చోట కొత్త పేరు కొట్టింది. పైగా లీ-ఎన్‌ఫీల్డ్‌లకు నంబర్లు ఇచ్చే పద్ధతి 1926లో వచ్చింది కనుక, 1917 ముద్ర ఉన్న తుపాకి మీద ‘నంబర్ 2’ అనే మాట కనిపిస్తే, ఆ రెంటి మధ్య కనీసం తొమ్మిదేళ్ల ఎడం ఉందని ఎవరినీ అడగకుండానే తెలుస్తుంది.

ముద్రల కంటే గట్టి సాక్ష్యం బోల్ట్ (తూటాను గొట్టంలోకి తోసి వెనుక మూసే కడ్డీ) తలలో ఉంటుంది. .303 తూటాకు నిప్పు రాజేసే మందు అడుగున సరిగ్గా మధ్యలో ఉంటుంది; .22 తూటాకు అది అంచు మడతలో ఉంటుంది. అందుచేత .22 రైఫిల్ బోల్ట్ ముఖం మీద ఫైరింగ్ పిన్ (తూటా మందును కొట్టి పేల్చే సూది) రంధ్రం మధ్యలో ఉండదు, అంచువైపు జరిగి ఉంటుంది. బోల్ట్‌ను బయటకు తీసి వెలుతురులో చూస్తే ఈ సంగతి క్షణంలో తేలిపోతుంది. తరువాత చూడవలసింది గొట్టం మూతి. మార్పిడికి రెండు పద్ధతులు ఉండేవి: .22 గొట్టాన్ని కొత్తగా చేసి బిగించడం ఒకటి, అరిగిన .303 గొట్టాన్ని తొలిచి లోపల సన్నని ఉక్కు గొట్టాన్ని దించడం రెండోది. రెండో పనిలో బర్మింగ్‌హామ్‌కు చెందిన పార్కర్ సంస్థ పేరుమోసింది. భూతద్దంతో చూసినప్పుడు నా రైఫిల్ మూతి దగ్గర, రంధ్రం చుట్టూ వెంట్రుకవాసి మందాన ఒక వలయం కనిపించింది. అది లోపలి గొట్టం అంచు. దానిని పగులు అనుకుని కొనకుండా వెళ్లిపోయినవారు ఉన్నారో ఏమో, ధర మాత్రం నాకు అందుబాటులోనే ఉంది.

మ్యాగజైన్ చూసి మోసపోకూడదు. బయటికి అది పది తూటాలు పట్టే .303 మ్యాగజైనే, కానీ లోపల తూటాలను పైకి నెట్టే స్ప్రింగు, పలక రెండూ తీసేసి ఉంటాయి. ఒక్కొక్క తూటానే చేత్తో గొట్టంలో పెట్టి కాల్చాలి. ఖాళీ కేసులు రాలి ఆ డొల్ల పెట్టెలో పడతాయి. ఇషాపూర్‌లో పోలీసు అవసరాల కోసం మార్చిన .410 మస్కెట్ కూడా ఇలాగే ఒక్క తూటా తుపాకి, రూపంలో దీనికి కవల. కాకపోతే దాని మ్యాగజైన్ చోటును కొయ్య దిమ్మతో మూసి ఉంటారు, గొట్టం వెడల్పుగా, లోపల గాళ్లు లేకుండా నున్నగా ఉంటుంది. నంబర్ 7, నంబర్ 8 అనే .22 రైఫిళ్లు తరువాతి తరం నంబర్ 4 నుంచి వచ్చినవి కనుక వాటి వెనుక గురి బోల్ట్ దగ్గర, కంటికి సమీపంలో ఉంటుంది. నంబర్ 2కు అది గొట్టం మీద, చాలా ముందుకు ఉంటుంది.

ఇంత శ్రమపడి దీనిని తయారు చేయడానికి కారణం పొదుపు. అసలు రైఫిల్ బరువు, బోల్ట్, ట్రిగ్గర్, గురి అన్నీ యథాతథంగా ఉంచి, చవకైన తూటాతో, పాతిక గజాల చిన్న రేంజిలో కొత్త సిపాయికి అలవాటు చేయించవచ్చు. 1948లో ఏర్పడిన మన ఎన్.సి.సి.లోనూ తరతరాల క్యాడెట్లు .22 రైఫిల్‌తోనే నేల మీద బోర్లా పడుకుని అయిదేసి తూటాలు కాల్చడం నేర్చుకున్నారు. ఆంధ్రా, తెలంగాణ కాలేజీల్లో సి సర్టిఫికెట్ కోసం తిరిగినవారు దీనిని చేతిలోకి తీసుకుంటే భుజం ముందు గుర్తుపడుతుంది, తరువాతే కన్ను.

ఇక కాల్చినప్పటి అనుభవం. దాదాపు నాలుగు కిలోల బరువు ఉన్న తుపాకిలో రెండున్నర గ్రాముల గుండు కనుక తన్ను అనేదే ఉండదు. పేలిన తరువాత కూడా ముందు గురి లక్ష్యం మీదనే నిలిచి ఉంటుంది. ట్రిగ్గర్ రెండు దశలు. మొదటిది మెత్తగా వచ్చి ఒక చోట ఆగుతుంది, అక్కడ ఊపిరి బిగబట్టి రెండోది నొక్కితే పేలుడు మనకు తెలిసే వస్తుంది. ఈ ఒక్క గుణం కోసమే కొత్తగా దొరికే చవక .22 రైఫిళ్ల కంటే దీనిని మెచ్చుకుంటాను. మామూలు వేగపు సీసపు తూటాలతో, ఆనిక మీద పెట్టి కాల్చినప్పుడు, పాతిక గజాల దూరంలో అయిదు గుండ్లు ఒకటిన్నర అంగుళాల లోపు పడుతున్నాయి. అతివేగపు తూటాలు ఇంత పాత ఇనుములో పెట్టడం నాకు ఇష్టం లేదు.

విసిగించే విషయాలూ ఉన్నాయి. బోల్ట్ నడక పొడవాటి .303 తూటాకు తగినట్టే ఉంటుంది, తూటా మాత్రం అంగుళం పొడవు. వేలు కొంచెం జారితే అది డొల్ల మ్యాగజైన్‌లోకి దొర్లిపోతుంది, రైఫిల్‌ను తలకిందులు చేస్తే తప్ప బయటకు రాదు. చలికాలంలో మొద్దుబారిన వేళ్లతో ఇది శిక్షే. గురి మీద చెక్కిన దూరాలు రెండు వేల గజాల దాకా ఉన్నా .22కు వాటితో పని లేదు. అన్నిటికంటే కింది గీత మీద ఉంచి, లక్ష్యం కాగితంలో ఎక్కడ పట్టాలో అనుభవంతో తెలుసుకోవాలి.

కొనేవారు డబ్బు ఇచ్చే ముందు బోల్ట్ పిడి వెనుక ఉన్న సంఖ్య, రిసీవర్ (బోల్ట్ కదిలే ఇనుప చట్రం) మీది సంఖ్య ఒకటేనా అని పోల్చుకోవాలి. .22 బోల్ట్ తల విడిగా దొరకడం కష్టం, దొరికినా ధర మంట. డి.పి. (డ్రిల్ పర్పస్) అన్న ముద్ర ఎక్కడైనా ఉంటే అది కవాతుకు కేటాయించిన తుపాకి అని అర్థం. ఎంత అందంగా ఉన్నా కాల్చడానికి కొనవద్దు. ముద్రలన్నీ సవ్యంగా ఉన్నా, మొదటి తూటాకు ముందు గన్‌స్మిత్ చేత బోల్ట్ బిగువు, గొట్టం లోపలి స్థితి చూపించడం తప్పనిసరి. మన పాఠకుల్లో హెచ్-1బి వంటి వీసాల మీద ఉన్నవారు ఇంకొకటి గమనించాలి: వలసేతర వీసాతో వచ్చినవారు తుపాకి కొనడాన్ని, దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. వంద ఏళ్ల నాటిదైనా, సన్నని .22 అయినా, ఈ రైఫిల్‌కు ఆ నియమం నుంచి సడలింపు లేదు.