రెండు వందల పదహారు మీద ఏడేళ్ళు: వైజాగ్ నుంచి చీరాల దాకా చుట్టాలిళ్ళ మీదుగా

మా పెళ్ళయింది 2017 చివర్లో. 2018 సంక్రాంతికి మొదటిసారి ఇద్దరం కారేసుకుని వైజాగ్ నుంచి చీరాల బయల్దేరాం. అప్పట్నుంచి కోవిడ్ టైం తీసేస్తే ఏటా రెండుసార్లు అదే రోడ్డు, అంటే కత్తిపూడి దగ్గర పెద్ద హైవే వదిలేసి కాకినాడ, యానాం, అమలాపురం, బందరు, రేపల్లె, బాపట్ల మీదుగా ఒంగోలు పోయే నేషనల్ హైవే 216. లెక్కేసుకుంటే పదమూడు సార్లయింది. మా అపార్ట్‌మెంట్‌లో కొత్తగా కారు కొన్నవాళ్ళు, మా ఆయన ఆఫీసు వాళ్ళు ఎప్పుడూ అడుగుతుంటారు, ఆ రూట్ బావుంటుందా, ఇద్దరమే వెళ్ళొచ్చా అని, అందుకే అంతా ఒకచోట రాసేస్తున్నా.

ముందే తేల్చి చెప్పేస్తాను. దారిలో మీ చుట్టాలుంటే ఇంతకన్నా మంచి రోడ్డు ఆంధ్రాలో లేదు. చీరాలో ఒంగోలో త్వరగా చేరడమే పనైతే మాత్రం ఈ రోడ్డు వద్దు, విజయవాడ మీదుగా 16వ నంబరు హైవే పట్టుకోండి.

కిలోమీటర్లు చూస్తే పెద్ద తేడా ఏం ఉండదు. కత్తిపూడి నుంచి ఒంగోలు దాకా 216 సుమారు 390 కిలోమీటర్లు, వైజాగ్ నుంచి చీరాలకి ఎటు వెళ్ళినా మా మీటర్ మీద ఇరవై ముప్పై తేడా వస్తుందంతే. టైం దగ్గరే అసలు సంగతి. అటు ఎనిమిది గంటల్లో దిగిపోతాం, ఇటు స్టీరింగ్ మీదే పదకొండు గంటలు పోతాయి, ఎందుకంటే చాలా వరకు డివైడర్ లేని రెండు వరసల రోడ్డు, ఊరి తర్వాత ఊరు, స్పీడ్ బ్రేకర్ తర్వాత స్పీడ్ బ్రేకర్. మొదటి రెండేళ్ళు వెడల్పు చేసే పనులు జరుగుతుండేవి, దుమ్ములో ముందు బండి కూడా కనపడేది కాదు. ఇప్పుడు చాలా మేలు, కొన్ని ఊళ్ళకి బైపాస్‌లు కూడా వచ్చాయి. కానీ ఆ బైపాస్‌లతో మాలాంటి వాళ్ళకి ఇంకో చిక్కు, ఫోన్లో మ్యాప్ ఊరి బయటనుంచే తిప్పి పంపించేస్తుంది, చుట్టాలిల్లేమో ఊరి నడిబొడ్డున ఉంటుంది. అందుకని ఊరి పేరు కాకుండా వాళ్ళ వీధి లొకేషన్ ముందే తెప్పించుకుని పెట్టుకుంటాం.

బయల్దేరేది తెల్లవారుజామున నాలుగున్నరకి. అన్నవరం దగ్గర ఆగి సత్యనారాయణ స్వామి ప్రసాదం నాలుగు ఆకు పొట్లాలు తీసుకుంటాం, ఇంటికొకటి. స్వీటు బాక్సులు పట్టికెళ్తే ఎవరి ఫ్రిజ్‌లోనో పడుంటాయి, అన్నవరం ప్రసాదం అంటే మాత్రం గుమ్మంలోనే చేతులు కడుక్కుని వచ్చి కళ్ళకద్దుకుని తీసుకుంటారు. బందరు, చీరాల వాళ్ళవి మాత్రం ఏసీ గాలి తగిలేచోట పెట్టుకోండి, డిక్కీలో వేసేస్తే ఎండకి పాడవుతుంది.

కాకినాడలో మా ఆయన వాళ్ళ పెదనాన్నగారిల్లు. మొదటి ఆరేళ్ళూ మా టిఫిన్ అక్కడే, పెసరట్టు వేసి పెట్టి మేం తినే లోపల కారు చుట్టూ తిరిగి టైర్లు తన్ని చూసేవారు పెదమావయ్య గారు, గాలి తక్కువుందిరా అని ప్రతిసారీ అనేవారు, ప్రతిసారీ ఒక టైరులో నిజంగానే తక్కువుండేది. 2024లో వాళ్ళబ్బాయి దగ్గరికి హైదరాబాద్ వెళ్ళిపోయారు. ఇల్లు తాళం. ఇప్పుడు కూడా ఆ వీధిలోంచే వెళ్తాం, గేటు దగ్గర ఒక ఫోటో తీసి ఆయనకి పంపిస్తాం, జామచెట్టు కొమ్మలు కొట్టించారా లేదా అని వెంటనే ఫోన్ వచ్చేస్తుంది. టైం ఉంటే ఉప్పాడ వైపు బీచ్ రోడ్డు మీద కాసేపు తిరగొచ్చు, కానీ సముద్రం పోటు మీదున్నప్పుడు అలలు రోడ్డు మీదికే వచ్చేస్తాయి, ఒడ్డు ఎప్పట్నుంచో కోసుకుపోతోంది, వాయుగుండం వార్త వింటే అటు అసలు వెళ్ళొద్దు.

కాకినాడ దాటాక కోరంగి మడ అడవులు, తర్వాత యానాం. 1954 దాకా ఫ్రెంచి వాళ్ళ చేతిలో ఉన్న ఊరు, ఇప్పటికీ పుదుచ్చేరి కిందే లెక్క, మేం వెళ్ళిన ప్రతిసారీ పెట్రోలు మన రేటు కన్నా తక్కువే ఉంది, ట్యాంకు అక్కడే నింపుతాం. అది దాటగానే గౌతమి మీద ఎదుర్లంక వంతెన. ఈ రోడ్డు మొత్తం మీద నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటిదే. జనవరి పొద్దుట మంచు ఇంకా విడవదు, కింద నీళ్ళు కనపడవు, పడవ మోటారు చప్పుడు మాత్రం వినిపిస్తుంది, వంతెన సగానికొచ్చేసరికి ఒక్కసారిగా ఎండ పడుతుంది. బండి స్లో చేయమంటాను, ఆపమని మాత్రం అనను, అక్కడ ఆపడం ప్రమాదం.

అసలు ఈ రోడ్డు రోడ్డులా ఉందంటే ఈ వంతెనల వల్లే. యానాం దగ్గర గౌతమి, బోడసకుర్రు దగ్గర వైనతేయ, చించినాడ దగ్గర వశిష్ట, ఆ తర్వాత పులిగడ్డ దగ్గర కృష్ణ. మా చిన్నమ్మమ్మ కాపురానికి వచ్చినప్పుడు ఇవేవీ లేవు, కాకినాడ నుంచి వచ్చి ఎదుర్లంక రేవులో పంటు ఎక్కి దాటిందిట, ట్రంకుపెట్టె మీద కూర్చుని. మా అమ్మ పెళ్ళికి కూడా చుట్టాల్లో సగం మంది పంటు దొరక్క ముహూర్తం దాటాక వచ్చారని చెప్తుంది. ఇప్పుడు అదే గోదారి మేం రెండు నిమిషాల్లో దాటేస్తున్నాం.

ఆ చిన్నమ్మమ్మ ఇల్లే మా మొదటి రాత్రి మకాం. అమలాపురం నుంచి అంబాజీపేట వైపు లోపలికి, కాలవ గట్టు మీద సన్న రోడ్డు, ఎదురుగా ఆటో వస్తే ఒకరు వెనక్కి పోవాల్సిందే. యానాం దాటినప్పట్నుంచి ఫోన్లు మొదలవుతాయి, "ఎక్కడిదాకా వచ్చేరే? ఆయ్, బేగా వచ్చేయండి, బాబుకి ఆకలేస్తాది." బాబు అంటే మా ఆయన. ఆవిడకి ఇప్పుడు ఎనభై నాలుగు. ముందు గేటు దాకా వచ్చేది, తర్వాత అరుగు దాకా, ఇప్పుడు కుర్చీలోంచి లేవలేదు. పోయినసారి మేం వెళ్ళేసరికి కుర్చీ పక్కన రెండు కొబ్బరి బొండాలు మూతి చెక్కించి, మూతల మీద తడిగుడ్డ కప్పి పెట్టించింది, చీమలు పట్టకుండా పొద్దుట్నుంచి ఆ గుడ్డ తడుపుతూనే ఉందని పనమ్మాయి చెప్పింది. నేను తాగుతుంటే నా మోచెయ్యి పట్టుకుని చూసి "చిక్కిపోయావే" అంది, ఆవిడ చెయ్యి నా చేతిలో సగం కూడా లేదు. ఆ రాత్రి హాల్లో చాప వేసుకుని ఆవిడ మంచం పక్కనే పడుకున్నాం. ఫ్యాను చప్పుడులో ఆవిడ ఏవో పాత సంగతులు చెప్తూనే ఉంది, మా ఆయన నాకన్నా ఎక్కువ ప్రశ్నలడిగారు, ఎవరు ఎవరికి ఏమవుతారో మా వాళ్ళ వరసలు ఇప్పుడు ఆయనకే నాకన్నా బాగా తెలుసు.

ఇద్దరే వెళ్ళడంలో లాభం ఇదే. అత్తగారు మావగారు, పిల్లలు అందరూ కలిసి వెళ్తే పెద్దవాళ్ళు పెద్దవాళ్ళతో మాట్లాడుకుంటారు, మనం వంటింట్లో ఉండిపోతాం. ఇద్దరమే వెళ్తే ఆ ఇంటివాళ్ళు మనతోనే మాట్లాడాలి, మనమూ వినాలి.

చించినాడ వంతెన దాటి నరసాపురం వైపు దిగాక ఇంకో రకం రోడ్డు. మొగల్తూరు నుంచి కృత్తివెన్ను దాకా రెండు పక్కలా రొయ్యల చెరువులు, ఏరియేటర్లు తిరుగుతూ నీళ్ళు చిమ్ముతుంటాయి. ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. చేపల, రొయ్యల లారీల్లోంచి ఐసు నీళ్ళు రోడ్డు మీద కారుతూ పోతాయి, మలుపుల్లో జారుతుంది. 2019లో ఒక లారీ వెనకాల వెళ్తుంటే ఆ నీళ్ళు మా అద్దం మీద పడ్డాయి, వైపర్ వేస్తే జిడ్డు మొత్తం పరుచుకుని ఎదురుగా ఏమీ కనపడలేదు, ఒక నాలుగు సెకన్లు మా ఆయన అంచనా మీదే నడిపారు. అప్పట్నుంచి ఒక సీసాలో సబ్బు నీళ్ళు, పాత బనీను గుడ్డ ముందు సీటు కిందే ఉంటాయి, ఆ లారీలకి దూరంగా ఉండి వీలైనప్పుడు ఓవర్‌టేక్ చేసేస్తాం. కోతల టైంలో అయితే రోడ్డు మీద సగం వెడల్పున వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్ళు పెడతారు, పగలు పర్లేదు, చీకట్లో ఆ రాళ్ళు కనపడవు. వెనక లైటు లేని ట్రాక్టర్లు, గేదెలు, ఎదుటివాడి హైబీమ్, ఇవన్నీ కలిపి చెప్తున్నా, ఈ రోడ్డు మీద చీకటి పడ్డాక నడపొద్దు. మేం సాయంత్రం ఐదున్నర దాటితే ఎక్కడుంటే అక్కడే ఆగిపోతాం.

బందరులో మా ఆయన మేనత్త. ఆవిడ ఇంట్లో వంట గురించి రాస్తే ఇంకో పేజీ అవుతుంది, వదిలేస్తున్నా. ఒక్క మాట, లడ్డూ కొనాలంటే ఎక్కడ కొనాలో మీ బందరు చుట్టాల్నే అడగండి, ప్రతి ఇంటికీ నమ్మకమైన కొట్టు ఒకటుంటుంది. ఆవిడ భర్త, మా మావయ్య గారు, దివిసీమలో కోడూరు దగ్గర పుట్టారు. 1977 నవంబర్ 19 ఉప్పెన వచ్చినప్పుడు ఆయనకి పదేళ్ళు. 2022లో పనుందని పులిగడ్డ దాకా మా కారులో వచ్చారు, దారంతా క్రికెట్ గురించి మాట్లాడిన మనిషి అవనిగడ్డ దగ్గర పడ్డాక ఆగిపోయి, తాటిచెట్ల వరస చూపించి, మా నాన్న నన్ను పైపంచెతో ఇలాంటి చెట్టుకే కట్టేశాడమ్మా అన్నారు. ఇంకేం చెప్పలేదు. మేమూ అడగలేదు. తర్వాత ఆ దారిన ఎప్పుడెళ్ళినా అక్కడికొచ్చేసరికి పాటలు ఆపేస్తాం, ఎవరం చెప్పుకోకుండానే.

పులిగడ్డ వంతెన దాటి పెనుమూడి, రేపల్లె, బాపట్ల, చీరాల మా అన్నయ్య వాళ్ళ ఇల్లు, ఈ భాగం రోడ్డు బావుంటుంది, ఆగాల్సినవి తక్కువ. సూర్యలంక బీచ్‌కి వారాంతంలో వెళ్ళొద్దు, జనం. పొద్దుటే అయితే అన్నయ్య, వదినతో చీరాల దగ్గరి ఓడరేవు బీచ్‌కి వెళ్తాం, పడవలొచ్చే టైంకి చేపలు తెచ్చుకోవచ్చు.

ఇప్పుడు భార్యాభర్తలకి పనికొచ్చే సంగతులు. రోజుకి ఒకే ఇల్లు. మొదటి ట్రిప్పులో ఒక్క రోజులో ముగ్గురిళ్ళకి వెళ్ళాం, మూడు చోట్లా మధ్యాహ్నం భోజనం పెట్టారు, ఎక్కడా సరిగ్గా కూర్చోలేదని ముగ్గురూ బాధపడ్డారు. "అయిదు నిమిషాలు వచ్చి వెళ్తాం" అనే మాట చెప్పొద్దు, ఆ అయిదు నిమిషాల కోసం వాళ్ళు పొద్దుట్నుంచి ఎదురుచూస్తారు. వీలు కాకపోతే రావట్లేదని ముందే ఫోన్ చేసి చెప్పేయండి. తిండి విషయంలో పత్యాలుంటే అదీ ముందే చెప్పాలి, విస్తరి ముందు కూర్చున్నాక వద్దంటే వాళ్ళు చిన్నబోతారు.

ఇంకోటి, ఒక రాత్రి మీ ఇద్దరికీ ఉంచుకోండి. మూడేళ్ళు మేం ఇది తెలుసుకోలేదు, వరసగా నాలుగు రాత్రులు హాల్లో పడకలు, ఒకరితో ఒకరం మాట్లాడుకునేది కారులోనే, అదీ ఎడమా కుడా అనే. నాలుగో రోజుకి చిన్న మాటకే పెద్ద గొడవైపోయింది. 2021 నుంచి దిండి దగ్గర గోదారి ఒడ్డున ఒక రాత్రి రూము తీసుకుంటున్నాం, చుట్టాలకి కూడా నిజమే చెప్తాం, మొదట్లో చిన్నమ్మమ్మ కాస్త నొచ్చుకుంది, తర్వాత తనే "వెళ్ళండే, వయసులో ఉన్నారు" అంది. రూము మాత్రం బయల్దేరే రోజు పొద్దుట మళ్ళీ ఫోన్ చేసి ఖాయం చేసుకోండి. ఒకసారి అడ్వాన్సు తీసుకున్న లాడ్జి వాళ్ళు పెళ్ళి పార్టీకి మా రూము ఇచ్చేశారు, రాత్రి ఎనిమిదింటికి రోడ్డు మీద నిలబడ్డాం, డబ్బులు వెనక్కి రావడానికి నెల పట్టింది.

అక్టోబరు, నవంబరుల్లో తుఫాను కబురుంటే వాయిదా వేసుకోండి. డిసెంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా బెస్టు, పొద్దుట మంచొక్కటే చూసుకోవాలి. భోగికి ముందు రెండు రోజులు మాత్రం కోనసీమ రోడ్లన్నీ కిక్కిరిసిపోతాయి, ముందే చేరిపోండి.

తిరుగు ప్రయాణం మేం విజయవాడ, రాజమండ్రి మీదుగా ఒక్క రోజులో వచ్చేస్తాం, ఎందుకంటే అప్పటికి కారు బరువైపోతుంది. వలిచిన కొబ్బరికాయలు యాభై, అత్తయ్య పెట్టిన ఆవకాయ జాడీ, అన్నయ్య వాళ్ళిచ్చిన బియ్యం బస్తా. వెనక టైర్లలో గాలి రెండు పాయింట్లు ఎక్కువ పెట్టించి, జాడీని రెండు బస్తాల మధ్య ఇరికించి, మూతకి గుడ్డ కట్టి బయల్దేరతాం.