డీఎస్సీకి చదవాలా, అమీర్‌పేట పోయి కోర్సు నేర్చుకోవాలా?

బీఈడీ చేసి ప్రైవేట్ స్కూల్లో నా జీతం 12 వేలు, అదీ వేసవిలో సగమే, పైగా ఆ సెలవుల్లోనే అడ్మిషన్ల కోసం ఇంటింటికీ తిరగాలి. గవర్నమెంట్ టీచర్ పోస్టు కోసం డీఎస్సీ పరీక్షా, లేక సాఫ్ట్‌వేర్ జాబ్ కోసం కోర్సా, మా స్టాఫ్‌రూమ్‌లో ఎప్పుడూ ఈ రెండింటి గురించే చర్చ.

ఖర్చు
డీఎస్సీ: అవనిగడ్డ లాంటి చోట కోచింగ్, హాస్టల్. ఇంట్లో చదివితే పుస్తకాలే.
కోర్సు: ఫీజు, హైదరాబాద్‌లో రూమ్, జాబ్ వచ్చేదాకా ఇంట్లో డబ్బులు అడగాలి (ముప్పై దాటాక అది మహా కష్టం).

శ్రమ
డీఎస్సీ: సైకాలజీ, మెథడాలజీ మనకి తెలిసినవే. టెట్ (టీచర్ అర్హత పరీక్ష) మార్కులకి 20 శాతం వెయిటేజీ, స్కోరు తక్కువైతే మళ్లీ రాయొచ్చు.
కోర్సు: అన్నీ మొదటి నుంచి. మ్యాథ్స్ వాళ్లకి కొంచెం నయం.

రిస్క్
అసలు గొడవంతా ఇక్కడే. ఏపీలో 2018 తర్వాత మళ్లీ డీఎస్సీ 2025లో, 16,347 పోస్టులు. తెలంగాణలో 2017 నోటిఫికేషన్ తర్వాత మళ్లీ డీఎస్సీ 2024లో, 11,062 పోస్టులు. పోస్టులు బానే ఉన్నాయి కానీ ఏడేళ్లు ఎదురుచూడటం అంటే మాటలా, ఈలోపు పెళ్లిళ్లు, పిల్లలు, అప్పులు అన్నీ అయిపోతాయి. కోర్సులో ఎదురుచూపు తక్కువే గానీ ఇరవై రెండేళ్ల బీటెక్ కుర్రాళ్లతో పోటీ, ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తామనే కన్సల్టెన్సీల జోలికి మాత్రం పోకండి.

టెట్‌లో మంచి స్కోరుండి, ఇంట్లో ఇంకో జీతం ఉంటే డీఎస్సీనే. ముప్పై లోపుండి, ఇంగ్లీష్ ధైర్యంగా మాట్లాడగలిగి, ఆరు నెలల ఖర్చు చేతిలో ఉంటే కోర్సు. రెండూ ఒకేసారి అంటారా, నేను చేసి చూశా, రెండూ పోయాయి.