కోనసీమలో మూడు రోజులు: ఏ నీటికి ఏ సెట్టింగు

నరసాపురంలో పంటు ఎక్కి సఖినేటిపల్లి దాటి, జనవరిలో మూడు రోజులు కోనసీమలో గడిపాము. మా మేనకోడలు కొత్తగా ఈత నేర్చుకుంది. అది మునిగి తేలడాన్ని నీళ్ళలో తడిసినా పాడవని చిన్న కెమెరాతో నీళ్ళలోంచి వీడియో తీస్తానని మాట ఇచ్చాను కాబట్టి, ఈసారి బస ఎంచుకునేటప్పుడు గదికంటే ఈతకొలనునే ఎక్కువగా చూశాను.

మొదటి బస రాజోలు దగ్గర కొబ్బరితోటలో ఉంది. గది శుభ్రం, చేపల పులుసు చాలా బాగుంది. కొలను మాత్రం రోజంతా చెట్ల నీడలోనే ఉండేది. ఫిల్టరు పొద్దున కాసేపు నడిపి ఆపేయడంతో సాయంత్రానికి నీరు పాలవిరుగుడులా మసకబారేది. ఆ వెలుగు చాలక కెమెరా తనంతట తానే ఐఎస్ఓ (వెలుగుకు స్పందించే స్థాయి) పెంచుకోవడంతో పిల్ల ముఖమంతా చుక్కలు చుక్కలుగా వచ్చింది. గట్టున దీపాలు వేశాక తీసిన వీడియోలో అడ్డంగా నల్లటి పట్టీలు కదిలాయి. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది. దీపాల వెలుగు సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులవుతుంది. నేను 60 హెర్ట్జ్ సెట్టింగులో ఉంచడమే పొరపాటు. 50కి మార్చి, సెకనుకు 25 లేదా 50 ఫ్రేములతో, షట్టరు (ఒక్కో ఫ్రేముకు వెలుగు పడే సమయం) సెకనులో 1/100 వంతు దగ్గర ఉంచిన తరువాత ఆ పట్టీలు పోయాయి.

రెండో బస దిండిలో, గోదావరి పాయ వశిష్ఠ ఒడ్డున. అక్కడి కొలనుపై నీడ లేదు. ఉదయం పది గంటలకు ఎండ అడుగున ఉన్న నీలం పలకల దాకా దిగి, అలల నీడలు వల పరచినట్లు కదులుతాయి. 4కె (బాగా స్పష్టమైన వీడియో), 50 ఫ్రేములు, ఐఎస్ఓ 100 నుంచి 400 లోపు, వైట్ బ్యాలెన్స్ (రంగులను సరిచేసే సెట్టింగు) 5500 కెల్విన్ దగ్గర స్థిరంగా పెట్టాను. ఆటోలో వదిలితే పిల్ల దగ్గరకు వచ్చి దూరం జరిగినప్పుడల్లా ఒంటిరంగు మారిపోతున్నది. నీరు ముందుగా ఎరుపునే పీల్చుకుంటుంది గాని, ఛాతీలోతు కొలనులో ఆ నష్టం స్వల్పం కాబట్టి ఎర్ర ఫిల్టరు అవసరం లేదు. అది ఉన్న వెలుగును కూడా తగ్గిస్తుంది. నీళ్ళలో టచ్ స్క్రీన్ పనిచేయదు కనుక రికార్డింగ్ పైనే మొదలుపెట్టి, చేయి చాచినంత దూరంలో పట్టుకుని మునిగాను. 50 ఫ్రేముల వీడియోను సగం వేగానికి తగ్గించి చూసినప్పుడు, దాని ముక్కు నుంచి బుడగలు ఒక్కొక్కటిగా విడివడి పైకి పోవడం స్పష్టంగా కనిపించింది.

గట్టు మీద ఎండలో మాత్రం 4కెలో ఎక్కువసేపు తీస్తే కెమెరా వేడెక్కి ఆగిపోతుంది. అక్కడ చిన్న చిన్న ముక్కలుగా తీయడం మేలు.

మూడో రోజు హౌస్‌బోటు ఎక్కాము. కెమెరాను నదిలోకి దించబోతుంటే పడవ నడిపే సరంగు, "లోపల ఏముంటుందండీ, ఒండ్రే కదండీ" అన్నాడు. అతని మాట నిజమే. మూరెడు లోతున చేయి కూడా కనిపించలేదు, దానికి ఏ సెట్టింగూ పనికిరాదు. పైనుంచి, స్టెబిలైజేషన్ (కుదుపులు తగ్గించే సెట్టింగు) వేసి తీసిన ఒడ్డు దృశ్యాలు బాగా వచ్చాయి. అంతర్వేది వైపు నీరు ఉప్పన కావడంతో దిగగానే సరంగు బకెట్టు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు. అందులో కెమెరాను కాసేపు నానబెట్టి, తుడిచి ఆరబెట్టాకే బ్యాటరీ మూత తీసి చూస్తే, దాని రబ్బరు అంచున ఒక ఇసుక రేణువు అంటుకుని ఉంది. మెత్తని గుడ్డతో దాన్ని తీసేసి మూత మళ్ళీ బిగించాను.