సింహముఖి అమ్మవారి దగ్గర పది నిమిషాలు, ఎడ్ఫూలో పోయిన 650 పౌండ్లు

ఈజిప్టు వెళ్ళొచ్చిన దగ్గర్నుంచి అందరూ పిరమిడ్లు ఎలా ఉన్నాయనే అడుగుతున్నారు. బాగున్నాయి. కైరోలో మూడు రోజులు ఏ ఇబ్బందీ లేకుండా గడిచిపోయాయి. నేను చెప్పాలనుకుంటున్నది మాత్రం పిరమిడ్ల గురించి కాదు. దక్షిణాన నైలు ఒడ్డున ఉన్న లక్సర్ ఊళ్ళో, కర్ణాక్ అనే పెద్ద ఆలయ ప్రాంగణానికి ఉత్తరం కొసన, ప్రహరీ గోడ పక్కనే ప్తాహ్ దేవుడి చిన్న గుడి ఒకటి ఉంది, సింహముఖి దేవత సెఖ్మెత్ విగ్రహం ఉన్న గుడి. మా ప్యాకేజీలో అది లేదు. గైడ్‌ని అడిగితే "అక్కడ చూడ్డానికి ఏమీ లేదు మేడమ్, ఎండలో నడక దండగ" అన్నాడు. ఆ మాట విని వెనక్కి వచ్చేశాం. దానికి ఆ రాత్రంతా బాధపడ్డాను.

చిన్నప్పుడు నాన్న నన్ను హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియంకి తీసుకెళ్ళి మమ్మీని చూపించారు. ఆ రోజు నుంచి ఈజిప్టు దేవుళ్ళంటే నాకు వదలని ఇష్టం. డేగ తల హోరస్, మొసలి తల సోబెక్, కొంగ తల థోత్, పిల్లి తల బస్తెత్. వీళ్ళని వింత బొమ్మల్లా చూపిస్తే నాకు మనసు చివుక్కుమంటుంది. మా అమ్మకైతే వింతే అనిపించలేదు. "నరసింహస్వామి లేడూ, హయగ్రీవుడు లేడూ, మన వినాయకుడు లేడూ" అంది విమానంలోనే. అమ్మకి 67 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. మా ఆయనకి ఈ దేవుళ్ళ మీద ఆసక్తి లేదు కానీ ఖర్చులన్నీ నోట్‌బుక్‌లో రాసే అలవాటుంది. కింద చెప్పే అంకెలన్నీ ఆయన రాసుకున్నవే. మేం వెళ్ళినప్పుడు ఒక ఈజిప్టు పౌండు మనకి దాదాపు రూపాయి ముప్పావు.

లక్సర్‌లో మొదటి రాత్రి తూర్పు ఒడ్డున ఉన్న హోటల్లో దిగాం. గదికి 55 డాలర్లు. నైలు కనిపించే గది అన్నారు. బాల్కనీలోంచి కనిపించింది పక్క బిల్డింగ్ జనరేటర్. మర్నాడే ఖాళీ చేసి పడమటి ఒడ్డున ఒక కుటుంబం నడిపే గెస్ట్‌హౌస్‌కి మారాం. 28 డాలర్లు, పొద్దున టిఫిన్‌తో సహా. ఆ ఇంటావిడ అమ్మ మాంసం తినదని తెలిసి చిక్కుడు గింజలు రుబ్బి వేయించిన తామియా చేసిపెట్టింది. పైన నువ్వులు, లోపల కొత్తిమీర పచ్చగా. అచ్చం మన మసాలా వడే, కాకపోతే ఇంకా మెత్తన. అమ్మ ఆరు తిని, ఎలా చేశావో చూపించమని వంటింట్లోకి వెళ్ళి కూర్చుంది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. గంట మాట్లాడుకున్నారు. లక్సర్‌లో ఉండాలంటే పడమటి ఒడ్డునే ఉండండి, ఇందులో రెండో మాట లేదు. నది దాటడానికి జనం ఎక్కే ఫెర్రీ ఉంది, మా దగ్గర మనిషికి 10 పౌండ్లు తీసుకున్నారు.

మర్నాడు గైడ్ లేకుండా మళ్ళీ కర్ణాక్ వెళ్ళాం. ఫెర్రీ దిగాక టాక్సీకి 100 పౌండ్లు. టికెట్ మళ్ళీ కొనాలి, అదీ కార్డుతోనే, నగదు తీసుకోరు. రెండోసారి టికెట్టా అని మా ఆయన గొణిగారు. పెద్ద స్తంభాల మంటపం దగ్గర నుంచి ఎడమకి, అంటే ఉత్తరానికి తిరిగి దుమ్ము దారిలో నడిస్తే వరసగా చిన్న చిన్న ద్వారాలు వస్తాయి. వాటి చివర ప్తాహ్ గుడి. పొద్దున ఏడు గంటలకి అక్కడ మనుషులే లేరు. గలాబియా, అంటే కాళ్ళ దాకా ఉండే వదులు చొక్కా, వేసుకున్న ఒక ముసలాయన నీడలో కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచి, "సెఖ్మెత్?" అని ఒక్క మాటే అడిగాడు. తాళం తీశాడు.

మధ్య గదిలో ప్తాహ్ ఉన్నాడు, తల లేదు. కుడివైపు గదిలో ఆవిడ. లోపల చీకటి. కప్పులో ఒక చిన్న కన్నం, అందులోంచి ఒక్క వెలుతురు పాయ. ముందు ఏమీ కనపడలేదు. కాసేపటికి నల్లటి రాయిలో ముట్టె తేలింది, తర్వాత గుండ్రటి చెవులు, తలపై సూర్యబింబం, చేతిలో పొడుగాటి పాపిరస్ కాడ. ఆడసింహం ముఖం, ఆడమనిషి ఒళ్ళు, దాదాపు మనిషంత ఎత్తు. పీఠం మీద కాదు, మనతో పాటు నేల మీద నిలబడ్డట్టుంటుంది. ముఖం మీద ఎంత సేపు చూస్తే అంత మార్పు. కోపం అనుకున్నది కొద్దిసేపటికి కోపంలా లేదు. మ్యూజియంలో గాజు వెనక చూసిన సెఖ్మెత్ విగ్రహాలకీ దీనికీ పోలికే లేదు. మూడో ఆమెన్‌హోటెప్ రాజు ఈవిడ విగ్రహాలు వందల్లో చెక్కించాడు, ప్రపంచంలో ఎన్నో మ్యూజియంలలో అవి ఉన్నాయి. గుడిలో, చీకట్లో, తన చోట తను నిలబడి ఉన్నది చూడటం వేరు.

అమ్మ చెప్పులు బయటే విప్పి వచ్చింది. ఎవరూ చెప్పలేదు. చేతులు జోడించి నిలబడింది. అప్పుడు చూశాం, గోడకి ఆనుకుని ఒక జర్మన్ ఆవిడ నేల మీద కూర్చుని ఉంది. అరవై దాటి ఉంటాయి. కళ్ళు మూసుకుని ఏదో మెల్లగా అంటోంది. కాపలా ఆయన తలుపు దగ్గరకి వేసి బయట నిలబడ్డాడు. పది నిమిషాలు. ఆ తర్వాత ఒక గుంపు వచ్చి, సెల్‌ఫోన్ లైట్లు ముఖం మీద కొట్టి, సింహంలా అరుస్తూ ఫొటోలు దిగి వెళ్ళారు. నాకు ఏడుపొచ్చింది. ఎవరి దేవుడైనా సరే, ఎదురుగా ఒకావిడ కళ్ళు మూసుకుని కూర్చుని ఉండగా అలా చేయడం తప్పు.

బయట నీడలో ఆ జర్మన్ ఆవిడతో మాట్లాడాం. పెద్ద జబ్బు చేసి లేచిన దగ్గర్నుంచి ఇంట్లో సెఖ్మెత్ బొమ్మ పెట్టుకుందట. రోజూ పొద్దున చేతులు కడుక్కుని దీపం పెట్టి, గ్లాసుడు మంచినీళ్ళు, ఒక రొట్టె ముక్క పెడుతుందట. సెఖ్మెత్ రోగాలు పంపే తల్లి, నయం చేసే తల్లి కూడా. పాతకాలంలో ఆవిడ పూజారులు వైద్యం కూడా తెలిసినవాళ్ళు. ఇలా కొలిచేవాళ్ళు ఇప్పుడు చాలా దేశాల్లో ఉన్నారు. అమెరికాలో 1988లో మొదలైన కెమెటిక్ ఆర్థడాక్సీ అనే సంప్రదాయం ఉంది, నెవాడా ఎడారిలో 1993 నుంచి సెఖ్మెత్‌కి ఒక గుడే ఉంది. ఇవేవీ పాత పూజ తెగకుండా వచ్చినవి కావు, శాసనాలూ పుస్తకాలూ చదువుకుని మళ్ళీ మొదలుపెట్టుకున్నవి. అమ్మ నా చేత అడిగించింది, "ఆమెని ఏం కోరుకుంటావమ్మా?" అని. ఆవిడ, "ఏమీ కోరను. నీళ్ళు పెట్టి కాసేపు కూర్చుంటాను" అంది. అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని వదల్లేదు.

తిరిగొచ్చేటప్పుడు అమ్మకి సెఖ్మెత్ కథ చెప్పాను. మనుషులు ఎదురుతిరిగారని సూర్యదేవుడు రా తన కంటినే దేవతగా పంపాడు. ఆవిడ చంపడం మొదలుపెట్టి ఇక ఆగలేదు. చివరికి ఆయనే భయపడి, బీరుకి ఎర్ర రంగు కలిపించి 7,000 కుండలు పొలాల్లో పోయించాడు. నెత్తురనుకుని తాగి ఆవిడ చల్లబడింది. అమ్మ వెంటనే, "మంగళగిరి పానకమే కదే" అంది. ఉగ్రంగా ఉన్నవాళ్ళకి తాగడానికి ఇచ్చి శాంతింపజేయడం అమ్మకి కొత్త సంగతి కాదు, చిన్నప్పటి నుంచీ ఆ కొండెక్కి బిందె మోసిన మనిషి.

కాపలా ఆయనకి 100 పౌండ్లు ఇచ్చాం. ఈ ప్రయాణంలో నేను మనసారా ఇచ్చిన బక్షీష్ అదొక్కటే. విగ్రహాన్ని ముట్టుకోవద్దు. కుంకుమ, నూనె, అగరొత్తులు తీసుకెళ్ళొద్దు. మనకి భక్తి అయినా ఆ రాయికి అది హాని, అక్కడ అనుమతీ లేదు.

లక్సర్ నుంచి అస్వాన్‌కి మూడు రాత్రుల పడవ, మనిషికి 220 డాలర్లు. మళ్ళీ వెళ్తే పడవ ఎక్కను, కారే. ఎందుకంటే ఎడ్ఫూ, దారిలో హోరస్ గుడి ఉన్న ఊరు. పడవ తెల్లవారుజామున ఎడ్ఫూలో ఆగగానే జనమంతా గుర్రబ్బండ్ల మీద పడతారు. ముగ్గురికీ రానూపోనూ 200 పౌండ్లని మాట్లాడుకుని ఎక్కాం. సగం దారిలో అమ్మ గుర్రం మెడ దగ్గర చూసింది. పట్టెడ కింద రూపాయి బిళ్ళంత పుండు, దాని మీద ఈగలు. బండి కుదిపినప్పుడల్లా తోలుపట్టీ సరిగ్గా దాని మీదే రాసుకుంటోంది. అమ్మ నోట మాట లేదు. గుడి దగ్గర దిగి, "నేనిక దీని మీద రాను" అంది. సరే, మాట్లాడుకున్న 200 మొత్తం ఇచ్చేద్దామని మా ఆయన డబ్బు తీస్తే, 200 అన్నది మనిషికి అన్నాడు బండివాడు. ఇంకో నలుగురు చుట్టూ మూగారు. అరుపులు. అమ్మ భయపడుతోందని 600 ఇచ్చాం. గుర్రానికి మేత అని ఇంకో 50 లాక్కున్నాడు. మా ఆయన మధ్యాహ్నం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు. 1,100 రూపాయల చిల్లర అంటే ప్రాణం పోయే డబ్బు కాదు. కానీ ఆ టెన్షన్‌తో గుడిలోకి అడుగుపెట్టాల్సి వచ్చిందే, అదే నాకు ఇప్పటికీ మంట. తిరుగు దారిలో ఆటో ఎక్కాం. మన బజాజ్ ఆటోనే, 60 పౌండ్లు, నవ్వుతూ తీసుకెళ్ళాడు. మీరూ ఆటోయే ఎక్కండి.

గుడి మాత్రం చెక్కు చెదరలేదు. క్రీస్తుపూర్వం 237లో మొదలుపెట్టి 57లో ముగించారు, 180 ఏళ్ళ పని. వాకిట్లో నల్లరాతి డేగ కిరీటం పెట్టుకుని నిలబడి ఉంటుంది. ఏటా దెందెరాలోని తన గుడి నుంచి హాథోర్ అమ్మవారు పడవలో ఇక్కడికి, హోరస్ దగ్గరికి వచ్చేదట. "కల్యాణోత్సవం" అంది అమ్మ. ఆ ఒక్క మాటతో సరిపెట్టింది, మనసు ఇంకా గుర్రం దగ్గరే ఉంది.

కోమ్ ఓంబోకి సాయంత్రం చేరాం. నది ఒడ్డునే గుడి, నడిచి వెళ్ళొచ్చు, బండ్ల గొడవ లేదు. ఒకే గుడిలో ఇద్దరు దేవుళ్ళు, మొసలి తల సోబెక్‌కీ, హోరస్ రూపాల్లోనే ఒకటైన పెద్ద హోరస్‌కీ పక్కపక్కనే రెండు గర్భగుళ్ళు. పక్కన మ్యూజియంలో ఇసుక మీద పడుకోబెట్టిన మొసళ్ళ మమ్మీలు ఉన్నాయి. చూసి అందరూ ముఖం చిట్లిస్తున్నారు. పక్షులనీ పిల్లులనీ కూడా ఇలాగే గుడ్డ చుట్టి లక్షల్లో సమర్పించుకున్నారు ఆ కాలం వాళ్ళు. మన మొక్కుల్లాంటివే. ఏ బిడ్డకి జ్వరం వచ్చి ఏ తల్లి మొక్కుకుందో.

అందరూ అక్కడి నుంచి పడవకి వెళ్ళిపోతారు. వెళ్ళకండి. గుడి చుట్టూ తిరిగి వెనక గోడకి రండి. గర్భగుడికి సరిగ్గా వెనక, బయటి వైపు, రాతిలో చెవులు చెక్కి ఉన్నాయి. మనిషి చెవులు, తమ్మెలతో సహా, వాటి దగ్గరే కళ్ళు. మామూలు జనాన్ని లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు. వాళ్ళు ఇక్కడ నిలబడి, గోడ అవతల ఉన్న దేవుడికి తమ బాధ చెప్పుకునేవాళ్ళు. కర్ణాక్‌లో కూడా తూర్పు వైపున, అక్కడి ప్రధాన దేవుడైన ఆమున్‌కి, మొర వినే ఆమున్ అనే పేరుతో ఇలాంటి చోటే ఉంది.

నేను ఇంకా వివరిస్తూనే ఉన్నాను, అమ్మ గోడ దగ్గరికి వెళ్ళిపోయింది. రాయికి బెత్తెడు దూరంలో ఆగి, కుడిచేయి నోటికి అడ్డం పెట్టుకుని, శివాలయంలో నంది చెవిలో చెప్పినట్టే ఏదో చెప్పింది. చాలాసేపు చెప్పింది. మా ఆయన ఉండబట్టలేక, "ఏం చెప్పారు అత్తయ్యా?" అని అడిగారు.

"ఆ గుర్రం సంగతి" అంది.