బ్యాక్టీరియల్ వెజైనోసిస్‌కి మెట్రోనిడజోల్ జెల్: 37 మోతాదుల తర్వాత

పల్చగా, బూడిద రంగులో, నీచు వాసనతో తెల్లబట్ట అయ్యే బ్యాక్టీరియల్ వెజైనోసిస్‌కి 0.75 శాతం మెట్రోనిడజోల్ జెల్ నమ్మదగిన మందు. రాత్రి పడుకునేముందు యోనిలోకి 5 గ్రాములు, 5 రాత్రులు. 500 మి.గ్రా. మాత్రలు రోజుకు రెండు చొప్పున 7 రోజులు వాడినా ఇంచుమించు అదే ఫలితం. కానీ వికారం, నోట్లో ఇనుము రుచి జెల్‌తో బాగా తక్కువ. 5 గ్రాముల జెల్‌లో మందు 37.5 మి.గ్రా. మాత్రమే, అందులో రక్తంలోకి చేరేది ఇంకా స్వల్పం.

ఈ జెల్ నీటిని పట్టి ఉంచే కార్బోమర్‌తో తయారవుతుంది. అది లోపలి తడి పొరకు అంటుకుని మందును నెమ్మదిగా వదులుతుంది. పిహెచ్ (పులుపును కొలిచే అంకె) 4 దగ్గర ఉంటుంది కాబట్టి యోనిలో సహజంగా ఉండే పులుపుకు సరిపోతుంది. నూనె లేదు, బట్టలకు మరక అంటదు. నూనె ఉన్న 2 శాతం క్లిండామైసిన్ క్రీమ్ అలా కాదు, వాడాక 5 రోజుల దాకా లేటెక్స్ కండోమ్‌ను బలహీనపరచవచ్చు.

మందుల షాపులో మాత్రం జాగ్రత్త. మెట్రోనిడజోల్ జెల్ అని అడిగితే చిగుళ్లకు రాసే ట్యూబు చేతిలో పెట్టవచ్చు, అందులో క్లోర్‌హెక్సిడిన్ కలిసి ఉంటుంది. చర్మానికి రాసేది మరొకటి. పెట్టె మీద యోనిలో వాడటానికని రాసి ఉందో లేదో, లోపల అప్లికేటర్ (జెల్‌ను లోపలికి పంపే గొట్టం) ఉందో లేదో చూసే తీసుకోండి.

ఎక్కువ పొరపాట్లు అప్లికేటర్ దగ్గరే. ట్యూబును మధ్యలో నొక్కితే గాలి బుడగ చేరుతుంది. నిండినట్టే కనిపిస్తుంది, మందు మాత్రం తక్కువ పడుతుంది. అడుగు నుంచి నొక్కుతూ, పిస్టన్ ఆగేదాకా నెమ్మదిగా నింపాలి. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, ఇబ్బంది లేనంత లోపలికి పెట్టి పిస్టన్ నెట్టాలి. తీసేటప్పుడు పిస్టన్ నొక్కే ఉంచండి, వదిలితే కొంత జెల్ వెనక్కి వచ్చేస్తుంది. పొద్దున కాస్త కారుతుంది, అది మామూలే. దానికోసం ఇంకో మోతాదు వేసుకోనక్కర్లేదు. ప్యాంటీ లైనర్ చాలు, టాంపాన్ వద్దు, అది జెల్‌ను పీల్చేస్తుంది. నెలసరి దగ్గర్లో ఉంటే అది అయ్యాక మొదలుపెట్టడమే హాయి.

వాసన రెండు మూడు రోజుల్లోనే తగ్గవచ్చు. అక్కడే చాలామంది ఆపేస్తారు. ఆపొద్దు.

ఈ మందు అసలు బలహీనత తిరగబెట్టడం. జెల్ చెడ్డ బ్యాక్టీరియాను చంపుతుంది, కానీ యోని గోడకు పట్టిన వాటి పొరను పూర్తిగా తీయలేదు, మంచి బ్యాక్టీరియా అయిన లాక్టోబాసిల్లస్‌ను తిరిగి నాటలేదు. పదే పదే వచ్చేవాళ్లకు మొదటి కోర్సు తర్వాత వారానికి రెండు రాత్రుల చొప్పున 16 వారాలు కొనసాగిస్తారు. 2006లో అచ్చయిన అమెరికా పరీక్షలో ఆ 16 వారాల్లో జెల్ వాడినవాళ్లలో నాలుగో వంతుకు, మందులేని జెల్ వాడినవాళ్లలో సగానికి పైగా తిరగబెట్టింది. మందు ఆపాక చాలామందికి మళ్లీ వచ్చింది కూడా. ఈ కోర్సుకు 32 మోతాదులు, అంటే 160 గ్రాములు కావాలి. మొదటి 5 రాత్రులు కలిపితే 37 మోతాదులు, 185 గ్రాములు. 70 గ్రాముల ట్యూబుతో వచ్చే అప్లికేటర్లు సాధారణంగా 5, కాబట్టి మిగతావి ముందే అడిగి తెచ్చుకోండి.

ఇంతకాలం వాడితే క్యాండిడా అనే ఫంగస్ పెరగవచ్చు. పెరుగు విరిగినట్టు తెల్లగా, దురదతో వస్తే అది వెజైనోసిస్ కాదు, ఫంగస్. ఇంకాస్త జెల్ వేస్తే తగ్గదు. లైంగికంగా సోకే పరాన్నజీవి ట్రైకోమోనాస్‌కీ ఈ జెల్ చాలదు, మాత్రలే వాడాలి, భాగస్వామికి కూడా. అందుకే మొదలుపెట్టేముందు పిహెచ్, సూక్ష్మదర్శిని పరీక్ష అడగడం మేలు. పొత్తికడుపు నొప్పి, జ్వరం ఉంటే జెల్ మీద ఆధారపడకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడేవాళ్లు డాక్టరుకు ముందే చెప్పాలి.

భాగస్వామి సంగతి వెజైనోసిస్‌లోనూ ఉంది. 2025లో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రచురించిన పరీక్షలో, మగవాళ్లకు కూడా మెట్రోనిడజోల్ మాత్రలు, క్లిండామైసిన్ క్రీమ్ ఇస్తే 12 వారాల్లో తిరగబెట్టడం 63 శాతం నుంచి 35 శాతానికి తగ్గింది. పదే పదే వస్తుంటే డాక్టరును ఈ ప్రశ్న అడగాల్సిందే.

డెట్టాల్, వెనిగర్, సబ్బుతో లోపల కడగడం మానేయండి. ట్యూబును 15–30 డిగ్రీల మధ్య ఉంచాలి. మే నెలలో కిటికీ పక్కన పెట్టొద్దు, ఫ్రీజర్‌లోనూ వద్దు.