ఎం35ఏ2: ముగ్గురు చేయాల్సిన పని అడిగే సైనిక ట్రక్కు

సైన్యం వాడి అమ్మేసిన ట్రక్కు కొన్నవాడు బండి కొన్నాడో తుక్కు కొన్నాడో మొదటి ఏడాదిలో తేలదు. అమెరికా సైన్యం దశాబ్దాల పాటు నడిపిన ఎం35ఏ2 ట్రక్కును ఆరేళ్లుగా నా చేతులతోనే మరమ్మతు చేసుకుంటూ వాడుతున్నాను కనుక, ఇప్పుడు దాని మంచిచెడ్డల గురించి రాయడానికి కొంత అర్హత వచ్చిందనుకుంటున్నాను. బండి గట్టిది, దాపరికం లేనిది, కానీ ఒంటరి మనిషి కోసం తయారైనది కాదు. డ్రైవరు ఒకరు, యూనిట్ మెకానిక్ ఒకరు, వెనుక పెద్ద వర్క్‌షాపు ఒకటి ఉంటాయన్న లెక్కతో రూపొందించిన బండి ఇది. మన షెడ్డులో ఆ ముగ్గురి పనీ మన నెత్తిన పడుతుంది.

ఈ వరుసలోని మొదటి ట్రక్కుకు రియో కంపెనీ 1949లో రూపకల్పన చేసింది. రెండున్నర టన్నులన్న పేరు రోడ్డు లేని చోట మోయగల బరువును బట్టి వచ్చింది; మంచి రోడ్డు మీద దానికి రెట్టింపు ఎత్తుతుంది. ఖాళీ బండే దాదాపు 5,900 కిలోలు, వెనుక జంటలతో కలిపి పది టైర్లు, ఆరు చక్రాల చోట్లకూ ఇంజన్ లాగుడు. ఏ2 రకంలో ఉన్నది 7.8 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్, చాలా బళ్లలో టర్బోతో. గరిష్ఠ వేగం గంటకు 90 కిలోమీటర్లని ఉన్నా నేను 70 దాటించను, ఎందుకంటే ఆ ఇంజన్ 2,600 చుట్లు మించి తిరగకూడదు, వాలులో తొందరపడి కింది గేరు వేసి ఆ హద్దు దాటిస్తే కనెక్టింగ్ రాడ్డు బ్లాకును చీల్చుకుని బయటికి రావచ్చు. పవర్ స్టీరింగ్ లేదు. చెవుల్లో దూది పెట్టుకోకుండా గంటసేపు నడిపితే సాయంత్రం దాకా ఈల వినిపిస్తూనే ఉంటుంది.

ఈ ట్రక్కుతో దొరికే అన్నింటిలోనూ మేలైనది దాని సాంకేతిక పుస్తకం అని నేను నమ్ముతున్నాను. టీఎం 9-2320-361 అనే ఈ మాన్యువల్ చివర 10 అని ఉంటే డ్రైవరు చేయాల్సిన పని, 20 అని ఉంటే యూనిట్ మెకానిక్ పని, 34 అని ఉంటే వర్క్‌షాపు పని. బొమ్మలతో, బోల్టు బోల్టుకూ వరుస చెబుతూ, యంత్రాల ముఖం ఎరుగని కుర్రవాడు కూడా పని చేయగలిగేలా రాశారు. పైగా ప్రతి విడిభాగానికీ 13 అంకెల స్టాకు నంబరు ఉంది. మొదటి నాలుగు అంకెలు 2530 అయితే బ్రేకులు, స్టీరింగ్, ఇరుసులకు చెందినదనీ, 2940 అయితే ఇంజన్ ఫిల్టర్లకు చెందినదనీ అర్థం. ఈ లెక్క ఒకసారి తలకెక్కితే, అమ్మేవాడు పేరు తప్పుగా చెప్పినా సరుకు తప్పుగా రాదు. అయితే నంబరు సరిపోయినంత మాత్రాన సరుకు మంచిదని కాదు. వాడని కొత్త సరుకని చెప్పి ఒక వ్యాపారి పంపిన వీల్ సిలిండర్ (చక్రం దగ్గర ఆయిల్ ఒత్తిడితో బ్రేకును నొక్కే భాగం) రబ్బరు కప్పులు వేలితో వంచగానే పెళుసుగా విరిగిపోయాయి. సైనిక ప్యాకెట్ల మీద ప్యాక్ చేసిన నెల, సంవత్సరం ముద్రించి ఉంటాయి. రబ్బరు వస్తువైతే ఆ తేదీ చూశాకే డబ్బు ఇవ్వాలి.

ఇక బ్రేకుల సంగతి వివరంగా చెప్పాలి, ఈ బండితో ప్రాణం మీదికి వచ్చేది అక్కడే. పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్ కదులుతుంది, ఎయిర్ ప్యాక్ అనే పరికరం గాలి ఒత్తిడితో ఆ బలాన్ని ఎన్నో రెట్లు పెంచి చక్రాలకు అందిస్తుంది. పెడల్ తొక్కగానే ఆయిల్‌ను తోసే మాస్టర్ సిలిండర్ మాత్రం ఒక్కటే, ఆయిల్ దారీ ఒక్కటే. ఆరు చోట్లలో ఏ ఒక్క గొట్టం చిట్లినా అన్ని చక్రాలకూ ఒకేసారి బ్రేకు పోతుంది. హ్యాండ్ బ్రేకు ఉంది కానీ అది చక్రాల దగ్గర కాక ఇంజన్ బలాన్ని ముందు, వెనుక ఇరుసులకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసు వెనుక డ్రమ్మును పట్టుకుంటుంది. నిలిచిన బండిని నిలిపి ఉంచడానికే గాని, పరుగెత్తే ఆరు టన్నులను ఆపడానికి దాన్ని నమ్మకూడదు. పైగా ఎయిర్ ప్యాక్ లోపలి సీలు అరిగితే ఆయిల్ గాలి వైపు పోతుంది, నేల మీద చుక్క కూడా కనబడదు, మాస్టర్ సిలిండర్‌లో మట్టం మాత్రం తగ్గుతూ పోతుంది. బయట కారడం లేదు కదా అని నేను రెండు నెలలు ఊరుకున్నాను. ఒకనాడు పెడల్ నేలకు అంటుకుంది. అదృష్టవశాత్తు బండి ఇంకా గేటు దాటలేదు.

సైన్యం ఈ బళ్లను సిలికాన్ బ్రేక్ ఆయిల్‌కు, అంటే డాట్ 5కు మార్చింది. అది నీటిని పీల్చుకోదు కనుక ఏళ్ల తరబడి ఉంటుందని మెచ్చుకుంటారు. నిజమే, కానీ పీల్చుకోని నీరు ఎక్కడికీ పోదు. నా బండి కుడి వెనుక వీల్ సిలిండర్ విప్పినప్పుడు ఊదా రంగు ఆయిల్ అడుగున గోధుమ రంగు నీటి బొట్టు ఒకటి కూర్చుని ఉంది, దాని కింద లోహం బియ్యపుగింజంత గుంట పడింది. మామూలు బళ్ల బ్రేక్ ఆయిల్ అయిన డాట్ 3ను దీనితో కలపకూడదన్నది అందరికీ తెలిసినదే అయినా, పాత యజమాని ఏది పోశాడో ఎవరూ రాసి పెట్టరు గనుక, కొన్న వెంటనే మొత్తం తీసి, కడిగి, ఒకే రకం నింపడం క్షేమం. నన్నడిగితే, రెండు దారులున్న మాస్టర్ సిలిండర్‌కు మార్చుకోవడం ఈ బండికి చేయగల అతి ముఖ్యమైన మార్పు.

బ్రేకు చూడాలంటే చక్రం విప్పాలి, అక్కడ మరో వింత ఉంది: ఎడమ వైపు చక్రాల నట్లకు ఎడమ మర, అంటే మామూలు నట్లకు తలకిందులుగా తిప్పితేనే వదులవుతాయి. ఈ సంగతి చదివి కూడా మరిచిపోయి, నాలుగు అడుగుల పైపు తొడిగిన రెంచి మీద నిలబడి ఊగి, నట్టును ఇంకా బిగించి, చివరికి నట్టు ఎక్కే మర కడ్డీని, అంటే స్టడ్డును తెంపుకున్నాను. తెగిన ముక్క చేతిలోకి తీసుకుంటే దాని కొన మీద అప్పటిదాకా మట్టి కప్పేసిన, ఎడమ మర అని సూచించే ఎల్ అక్షరం నన్ను చూసి నవ్వినట్టనిపించింది. జంట టైర్లలో లోపలి దానిని చదరపు తల ఉన్న వేరే నట్టు పట్టి ఉంచుతుంది. దానికి తగిన సాకెట్టు లేకుండా రోడ్డెక్కితే పంక్చరైన చోటే రాత్రి గడపాలి.

ఇంజన్ డీజిల్‌తో పాటు కిరోసిన్, విమాన ఇంధనం వంటివి కూడా తాగుతుందని మల్టీఫ్యూయల్ అన్నారు. ఈ పేరు చూసి వాడేసిన ఇంజన్ ఆయిల్ పోసి నడిపేవారున్నారు. నేను పోయను, పోయమని చెప్పను. ఆదా అయిన డబ్బు ఫిల్టర్లకు పోతుంది, ఫిల్టరు దాటిన మడ్డి ఇంజన్‌లోకి ఇంధనం చిమ్మే ఇంజెక్షన్ పంపును తినేస్తుంది. ఆ పంపు సీళ్లు పాడైతే డీజిల్ ఇంజన్ ఆయిల్‌లోకి దిగుతుంది కనుక డిప్‌స్టిక్ మీద మట్టం తగ్గిందా అనే కాదు, పెరిగిందా అని కూడా చూడాలి. మట్టం పెరిగి, ఆయిల్ పలుచబడి, డీజిల్ వాసన వేస్తే ఆ రోజు స్టార్ట్ చేయకూడదు.

విద్యుత్తు 24 వోల్టులు, రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరుసలో ఉంటాయి. రేడియో కోసం ఒక్క బ్యాటరీ నుంచే తీగ లాగితే రెండూ సమంగా చార్జి కాక త్వరలోనే పాడవుతాయి, కన్వర్టర్ పెట్టుకోవాలి. పెయింటు విషయంలో ఒక హెచ్చరిక: 1980ల నుంచి వాడిన రసాయన నిరోధక రంగును పొడిగా గీకడం, దాని మీద నేరుగా వెల్డింగు చేయడం ఊపిరితిత్తులకు ప్రమాదం. ముందు ఇరుసు చివర్ల రబ్బరు బూట్లు చిరిగితే మాత్రం జిప్పు ఉన్న బూట్లు దొరుకుతాయి, ఇరుసు మొత్తం విప్పకుండానే తొడిగేయవచ్చు. ఇంత మోటు బండికి జిప్పు వేయడం నాకు ఇప్పటికీ సరదాగానే ఉంటుంది.

మొత్తం మీద ఐదుకు నాలుగు ఇస్తాను; బ్రేకులకు విడిగా అయితే రెండుకు మించి ఇవ్వను. కొనదలచిన వారు ఇంజన్‌ను ముందే వేడి చేసి ఉంచవద్దని అమ్మేవారికి చెప్పి వెళ్లాలి. చల్లటి ఇంజన్ డిప్‌స్టిక్ తీసి వాసన చూడాలి, బ్యాటరీ పెట్టె కింద తుప్పును స్క్రూడ్రైవరుతో పొడిచి చూడాలి, గాలి నిండాక పెడల్ తొక్కి ఒక నిమిషం అలాగే పట్టుకోవాలి. ఆ నిమిషంలో పెడల్ కాస్త కిందికి జారినా, బేరం సంగతి పక్కనపెట్టి బండిని లారీ మీద ఎక్కించుకుని వెళ్లే ఏర్పాటు చూసుకోవాలి.